టైర్ సైజు మారిస్తే మీటర్ తప్పు చూపిస్తుందా? ముల్లు లెక్క వేరు, కిలోమీటర్ల లెక్క వేరు

కారుకి టైర్లు మార్చినోళ్ళ దగ్గర రెండు మాటలు తరచూ వినిపిస్తాయి. "పెద్ద టైర్లు వేశాక మైలేజ్ పడిపోయింది బ్రో" అనేది ఒకటి, "రిమ్ము 14 నుంచి 16 చేశావా, ఇంక నీ స్పీడోమీటర్ చెప్పేదంతా తప్పే" అనేది ఇంకోటి. మొదటిదాంట్లో కొంత నిజముంది కానీ అనుకున్నంత లేదు, రెండోదాంట్లో చాలాసార్లు నిజమే లేదు. ఈ రెండిటి మధ్య అసలు విషయం ఒకటి ఎవరూ పట్టించుకోరు, అదేంటంటే డాష్‌బోర్డు మీద స్పీడు చూపించే ముల్లు, కిలోమీటర్లు లెక్కపెట్టే ఓడోమీటర్ పక్కపక్కనే ఉన్నా వాటి తప్పులు మాత్రం ఒకటి కాదు. టైర్ మారిస్తే ఒకటి బాగుపడి ఇంకోటి పాడయ్యే కేసులు కూడా ఉన్నాయి, నిజంగానే.

ముందు బండి దూరం ఎలా లెక్కేస్తుందో చూద్దాం. దానికి రోడ్డు తెలీదు, కిలోమీటర్ రాయి తెలీదు, చక్రం ఎన్ని చుట్లు తిరిగిందో ఒక్కటే తెలుసు. 185/65 ఆర్15 టైర్ ఉన్న కారు తీసుకోండి, ఆ చక్రం కిలోమీటరుకి సుమారు 527 చుట్లు తిరుగుతుంది. కంపెనీవాళ్ళు ఫ్యాక్టరీలో ఈ లెక్కే లోపల రాసి పంపిస్తారు, 527 చుట్లు అయ్యాయా, ఒక కిలోమీటరు వేసుకో అని. స్పీడు కూడా అంతే, సెకనుకి ఎన్ని చుట్లు అనేదే దాని లెక్క. ఇప్పుడు మీరు పెద్ద చక్రం బిగించారనుకోండి, 527 చుట్లకి బండి 1000 మీటర్లు కాకుండా 1040 మీటర్లు పోతుంది, కానీ మీటరు మాత్రం పాత లెక్కే పట్టుకుని ఒక కిలోమీటరే వేస్తుంది. అడుగులు లెక్కపెట్టి పొలం కొలిచే మనిషి పక్కకెళ్ళి, ఆయన కొడుకు పొడుగు కాళ్ళతో అదే లెక్క చెప్తే ఎలా ఉంటుందో అలా అన్నమాట.

సరే, చక్రం పెద్దదైందా చిన్నదైందా ఎలా తెలుస్తుంది? ఇక్కడే రిమ్ము గోల మొదలవుతుంది. చాలామంది రిమ్ము పెద్దదైతే చక్రం పెద్దదైనట్టే అనుకుంటారు. కాదు. రోడ్డుకి తగిలేది రిమ్ము కాదు కదా, టైర్ బయటి అంచు. ఆ బయటి వ్యాసం ఎంత అనేదే మీటర్‌కి లెక్క, లోపల రిమ్ము ఎంతున్నా దానికి అనవసరం. మారుతి స్విఫ్ట్‌నే చూడండి, కింది వేరియంట్లకి 165/80 ఆర్14 వస్తుంది, పైవాటికి 185/65 ఆర్15 వస్తుంది. చూడ్డానికి రెండూ వేరే బండ్లలా ఉంటాయి. లెక్క కట్టి చూస్తే 14 అంగుళాల చక్రం మొత్తం వ్యాసం 619.6 మి.మీ., 15ది 621.5 మి.మీ., తేడా 0.3 శాతం, అంటే లేనట్టే. బాలెనోకి వచ్చే 195/55 ఆర్16 తీసుకుంటే 620.9. రిమ్ము రెండంగుళాలు పెరిగినా బయట ఏం పెరగలేదు, రిమ్ము పెరిగిన మేర టైర్ పక్క గోడ తగ్గింది అంతే. కాబట్టి ఎవరైనా స్విఫ్ట్‌కి 16 అంగుళాల అల్లాయ్స్ వేసి సరైన టైర్ సైజు పెట్టుకుంటే మీటర్‌కి వచ్చిన నష్టం ఏమీ లేదు.

లెక్క కట్టడం పెద్ద విద్యేం కాదు, ఒకసారి చూస్తే ఎప్పటికీ గుర్తుంటుంది. 185/65 ఆర్15 లో 185 అంటే టైర్ వెడల్పు మిల్లీమీటర్లలో, 65 అంటే పక్క గోడ ఎత్తు ఆ వెడల్పులో 65 శాతం అని, 15 అంటే రిమ్ము అంగుళాల్లో. 185 లో 65 శాతం 120.25, చక్రంలో పైనా కిందా రెండు గోడలు ఉంటాయి కాబట్టి 240.5, దానికి 15 అంగుళాలని 25.4 తో గుణిస్తే వచ్చే 381 కలిపితే 621.5. అయిపోయింది. ఫోన్‌లో కాలిక్యులేటర్ ఉంటే చాలు.

ఇందులో ఒక ఉచ్చు ఉంది, షాపుల్లో ఎక్కువమంది పడేది ఇందులోనే. "సార్, రిమ్ము అదే, 65 కూడా అదే, జస్ట్ 10 ఎంఎం వెడల్పు పెరుగుద్ది, గ్రిప్ బాగుంటది" అని 195/65 ఆర్15 చూపిస్తారు. వెడల్పు ఒక్కటే పెరుగుతుంది అనుకుంటాం, కానీ 65 అనేది మిల్లీమీటర్లు కాదు శాతం, వెడల్పు పెరిగితే దాంతోపాటే ఎత్తు కూడా పెరుగుతుంది. 195/65 వ్యాసం 634.5, అంటే 2.1 శాతం పెద్దది. ఇంకో మెట్టెక్కి 205/65 ఆర్15 వేస్తే 647.5, 4.2 శాతం పెద్దది. వెడల్పు పెంచాలంటే 65 ని కిందికి దించాలి, ఎంత దించాలి అనేది పై లెక్కే చెప్తుంది. మరీ దించేసినా కష్టమే, 195/50 ఆర్16 వేసుకుంటే 601.4 కి పడిపోతుంది, 3.2 శాతం చిన్నదైపోయింది.

ఇప్పుడు అసలు మెలికకి వద్దాం. చాలా వీడియోల్లో ఇక్కడిదాకా చెప్పి, 4 శాతం పెద్ద టైర్ వేస్తే మీటర్ 100 చూపిస్తున్నప్పుడు మీరు 104 లో పోతున్నారు అని తేల్చేస్తారు. అది నిజం అవ్వాలంటే అంతకుముందు మీటర్ సరిగ్గా ఉండాలి కదా. కంపెనీ మీటర్ ఎప్పుడూ సరిగ్గా ఉండదు, కావాలనే ఎక్కువ చూపిస్తుంది.

ఇది కంపెనీల మోసం అని కొందరు అంటుంటారు, పాపం వాళ్ళ తప్పు కాదు, రూల్ అలా ఉంది. ఐక్యరాజ్యసమితి వాహన నిబంధనల్లో 39వ రెగ్యులేషన్ స్పీడోమీటర్ల కోసమే. దాని సారాంశం ఏంటంటే మీటర్ చూపించే స్పీడు నిజమైన స్పీడు కంటే ఎప్పుడూ తక్కువ ఉండకూడదు, ఎక్కువ ఉండొచ్చు, కార్లకి ఆ ఎక్కువ నిజమైన స్పీడులో పదో వంతు ప్లస్ 4 కిలోమీటర్ల దాకా. అంటే మీరు నిజంగా 100 లో పోతుంటే మీటర్ 100 నుంచి 114 దాకా ఏదైనా చూపించొచ్చు, 99 మాత్రం చూపించకూడదు. టైర్ కొత్తదా పాతదా, గాలి ఎక్కువా తక్కువా, ఏ కంపెనీ టైరు, ఏ వేరియంటు, ఇలా నానా రకాల తేడాలుంటాయి, వీటన్నిట్లో ఎక్కడా 99 చూపించకుండా తప్పించుకోవాలంటే ముందే కొంత పైకి పెట్టుకోవడం తప్ప దారి లేదు. అందుకే గూగుల్ మ్యాప్స్‌లో 95 చూపిస్తుంటే మీటర్‌లో 100 ఉండటం మామూలే, సర్వీస్ సెంటర్‌కి వెళ్ళి గొడవపడాల్సిన పని లేదు.

మరి ఓడోమీటర్? దానికి ఈ పైకి పెట్టే పద్ధతి లేదు. ఇప్పటి కార్లలో స్పీడు చూపించేటప్పుడు మాత్రమే కొంచెం కలుపుతారు, దూరం మాత్రం చుట్ల లెక్కతో ఉన్నదున్నట్టు వేస్తారు, కాబట్టి ముల్లు 5 శాతం ఎక్కువ చెప్పే కారులో కూడా కిలోమీటర్లు దాదాపు సరిగ్గానే ఉంటాయి. రెండు తప్పులు వేరు అని మొదట్లో అన్నది ఇందుకే.

ఇప్పుడు ఈ రెండిటి మీదా 205/65 టైర్ వేసి చూడండి. ఒరిజినల్ టైర్లతో మీటర్ 100 చూపిస్తే నిజం 95 అనుకుందాం. 4.2 శాతం పెద్ద టైర్‌తో అదే 100 దగ్గర నిజమైన స్పీడు 99. అంటే ఫ్యాక్టరీ నుంచి తప్పుగా వచ్చిన స్పీడోమీటర్ ఇప్పుడు కరెక్ట్ అయింది! కానీ అప్పటిదాకా బుద్ధిగా ఉన్న ఓడోమీటర్ చెడిపోయింది, బండి 10,420 కిలోమీటర్లు తిరిగితే అది 10,000 అంటుంది. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పూర్తి చుట్టు 158 కిలోమీటర్లు, ఈ కారులో తిరిగొస్తే ట్రిప్ మీటర్‌లో 152 కూడా పడదు. చిన్న టైర్ వేసినవాళ్ళది ఇంకో కథ, 195/50 ఆర్16 తో మీటర్ 100 దగ్గర నిజం 92, అసలే ఎక్కువ చెప్పే ముల్లు ఇంకా కోతలు కోస్తుంది, ఓడోమీటర్ కూడా దాంతో కలిసి 158 కి 163 చూపిస్తుంది. బండి స్పీడుగా పోతున్నట్టు ఉంటుంది, మైలేజ్ బాగున్నట్టు ఉంటుంది, రెండూ ఉత్తిదే.

మైలేజ్ ఫిర్యాదు కూడా ఇక్కడే తేలిపోతుంది. ఒరిజినల్ టైర్లతో ట్యాంక్ టు ట్యాంక్ 30 లీటర్లకి 540 కిలోమీటర్లు, లీటరుకి 18 వచ్చేదనుకోండి. 205/65 వేశాక 30 లీటర్లకి మీటర్‌లో 500 పడింది, 16.7 అని గుండె గుభేలుమంటుంది. కానీ బండి నిజంగా పోయింది 521, అంటే 17.4. మీటర్‌లో కనిపించిన నష్టం 1.3, అసలు నష్టం 0.6, అంటే కనిపించిన నష్టంలో సగం పైన ఉత్తిదే, ఆ పెట్రోల్ ఎక్కడికీ పోలేదు, కిలోమీటర్లే లెక్కలోకి రాలేదు. మిగతాది మాత్రం నిజం నష్టమే, వెడల్పు టైరు, బరువు రిమ్ము తిప్పడానికి ఇంజన్ ఎక్కువ కష్టపడుతుంది, సిటీలో ఆగుతూ కదులుతూ పోయేటప్పుడు ఇంకా తెలుస్తుంది. డాష్‌బోర్డులో కనిపించే యావరేజ్ కూడా ఇదే చుట్ల లెక్క మీద నడిచేదే కాబట్టి దాన్ని చూపించి వాదించినా ఉపయోగం లేదు.

పాత బండ్లలో ఇది ఇంకోలా ఉండేది. 1902లో జర్మనీలో ఓటో షుల్జె అనే ఇంజనీరు పేటెంట్ తీసుకున్న పద్ధతి దాదాపు వందేళ్ళు నడిచింది, అంబాసిడర్‌లోనూ పాత మారుతి 800 లోనూ ఉన్నది అదే రకం. గేర్‌బాక్స్ నుంచి ఒక కేబుల్ తిరుగుతూ మీటర్ దాకా వస్తుంది, దాని చివర అయస్కాంతం తిరుగుతుంది, దాని చుట్టూ ఉన్న అల్యూమినియం గిన్నె దేనికీ తగలకుండానే ఆ అయస్కాంతం ఊపుకి లాగబడుతుంది, సన్న స్ప్రింగ్ దాన్ని వెనక్కి పట్టుకుంటుంది, ఆ లాగుడుకీ పట్టుడుకీ మధ్య ముల్లు ఎక్కడ ఆగితే అదే స్పీడు. కిలోమీటర్ల అంకెలు మాత్రం అదే కేబుల్‌కి పళ్ళ చక్రాలతో నేరుగా కట్టేసి ఉంటాయి. అందుకే పాత బండిలో స్ప్రింగ్ నీరసపడితే ముల్లు ఎక్కువ చూపించేది, కిలోమీటర్లు మాత్రం ఎప్పటిలాగే పడేవి. ఇప్పుడు కేబుల్ లేదు, చక్రాల దగ్గర ఏబీఎస్ (బ్రేకు వేస్తే చక్రం బిగుసుకుపోకుండా చూసేది) సెన్సర్లు లెక్కపెట్టి కంప్యూటర్‌కి పంపిస్తాయి, కొన్ని బండ్లలో గేర్‌బాక్స్ సెన్సరే ఉంటుంది.

టైర్ మార్చకపోయినా ఈ లెక్క కొంచెం కొంచెం జరుగుతూనే ఉంటుంది. కొత్త కారు టైర్‌కి గాడి లోతు సుమారు 8 మి.మీ., 1.6 దగ్గర మార్చేయాలి, అంటే వ్యాసం దాదాపు 13 మి.మీ. తగ్గుతుంది, పై సైజుకి లెక్క ప్రకారం 2 శాతం. రేడియల్ టైర్లలో లోపల ఉక్కు బెల్టు ఉంటుంది కాబట్టి నిజంలో కొంచెం తక్కువే పడుతుంది కానీ తేడా అయితే ఉంటుంది. గాలి తగ్గినా అంతే, చాలా చిన్న తేడా, కానీ ఆ చిన్న తేడానే పట్టుకుని కొన్ని కార్లలో గాలి వార్నింగ్ లైట్ పనిచేస్తుంది, మిగతా మూడు చక్రాల కంటే ఒకటి ఎక్కువ చుట్లు తిరుగుతోందంటే దాంట్లో గాలి తగ్గిందని అర్థం చేసుకుంటుంది. టైర్ సైజు మార్చాక ఆ సిస్టమ్‌ని రీసెట్ చేయాల్సింది ఇందుకే.

అసలు ప్రమాదం ఎక్కడుందంటే జీపుల దగ్గర. థార్ తీసుకున్నవాళ్ళలో ఒరిజినల్ 255/65 ఆర్18 తో సరిపెట్టుకునేవాళ్ళు ఉన్నారు, తీసుకున్న వారానికే 285/70 ఆర్17 కోసం షాపుకి పోయేవాళ్ళూ ఉన్నారు. మొదటిది 788.7 మి.మీ., రెండోది 830.8, తేడా 5.3 శాతం. కంపెనీ మీటర్ 3 శాతమే ఎక్కువ చూపించే రకం అనుకుందాం, ఔటర్ మీద 120 లిమిట్ ఉన్న లేన్‌లో మీటర్‌లో ముల్లు 120 మీద పెట్టి హాయిగా పోతుంటే నిజమైన స్పీడు దాదాపు 123. కంపెనీ ఇచ్చిన మార్జిన్ మొత్తం తినేసి అవతలికి పోయారు. స్పీడ్ గన్ మీ టైర్ సైజు అడగదు. 2019 జులై నుంచి కొత్త కార్లకి తప్పనిసరి చేసిన స్పీడు అలారం కూడా ఈ చుట్ల లెక్కనే నమ్ముకుంటుంది, కాబట్టి అదీ లేటుగానే మేలుకుంటుంది. బ్రేకులు, స్టీరింగ్, పికప్ మీద పడే ప్రభావం పెద్ద సబ్జెక్టు, అది ఇంకోసారి.

బైకుల సంగతి ఇంకా సరదాగా ఉంటుంది. చాలా బైకులకి, స్కూటర్లకి మీటర్ ముందు చక్రం నుంచి నడుస్తుంది. అంటే వెనక లావు టైర్ వేసినోళ్ళు మీటర్ గురించి పడే టెన్షన్ అంతా వేస్ట్, దానికి వెనక ఏముందో తెలీదు. ముందు టైర్ మారిస్తేనే తేడా, అది కూడా చక్రం చిన్నది, గోడ శాతం ఎక్కువ కాబట్టి కారు కంటే ఎక్కువ పడుతుంది, 90/90-12 స్కూటర్ టైర్ తీసేసి 100/90-12 వేస్తే వెడల్పు 10 మి.మీ.లే పెరిగినా వ్యాసం 3.9 శాతం పెరుగుతుంది, కారులో అదే 10 మి.మీ.కి 2 శాతమే కదా పెరిగింది. కొన్ని బైకులు మాత్రం గేర్‌బాక్స్ నుంచి తీసుకుంటాయి, వాటిలో వెనక టైర్ మార్చినా తేడానే, చైన్ స్ప్రాకెట్ పళ్ళు మార్చినా తేడానే. ఆటో మీటర్లకి తూనికలు కొలతల శాఖవాళ్ళు పరీక్ష చేసి సీల్ వేయడంలో కూడా ఈ విషయం ఉంది, అక్కడ ఒక శాతం తేడా అంటే నేరుగా ప్రయాణికుడి జేబు.

నాలుగు చక్రాలూ ఒకే సైజుకి మార్చితే ఏబీఎస్ పెద్దగా కంగారుపడదు, దానికి కావాల్సింది చక్రాల మధ్య పోలిక. ముందు రెండు ఒక సైజు, వెనక రెండు ఇంకో సైజు వేస్తే మాత్రం చక్రం జారుతోందేమో అని అనుమానపడుతుంది, వార్నింగ్ లైట్లు వెలుగుతాయి, ఎప్పుడూ నాలుగు చక్రాలకీ పవర్ ఇచ్చే బండ్లలో అయితే చక్రాలకి పవర్ పంచే డిఫరెన్షియల్ మీద భారం పడి ఖరీదైన రిపేరు తెచ్చిపెడుతుంది. సన్నగా చిన్నగా ఇచ్చే స్టెప్నీ మీద 80 దాటొద్దని రాసేది కూడా ఊరికే కాదు.

లెక్క సరిచేయించుకోవచ్చా అంటే బండిని బట్టి. పాత కేబుల్ బండ్లలో గేర్‌బాక్స్ దగ్గర చిన్న పళ్ళ చక్రం మారిస్తే సరిపోయేది. ఇప్పుడు సాఫ్ట్‌వేర్‌లో టైర్ చుట్టుకొలత మార్చాలి, అమెరికాలో పికప్ ట్రక్కులు నడిపే మనవాళ్ళకి ఇది బాగా తెలుసు, ఫోర్డ్ బండ్లకి ఫోర్‌స్కాన్ అనే సాఫ్ట్‌వేర్‌తో చాలామంది సొంతంగానే మిల్లీమీటర్లు వేసుకుంటారు. మన దగ్గర ఇంకో అడ్డంకి కూడా ఉంది, మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ స్పెసిఫికేషన్‌కి విరుద్ధంగా బండిని మార్చకూడదు, 2019లో సుప్రీంకోర్టు కూడా కేరళ కేసులో అదే గట్టిగా చెప్పింది, అదే ఏడాది సవరణతో ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా వచ్చింది. మీ మోడల్‌లోనే ఇంకో వేరియంట్‌కి కంపెనీ ఇచ్చే సైజు వేసుకుంటే గొడవ తక్కువ, డ్రైవర్ డోర్ తీస్తే పక్కన స్టిక్కర్ మీద సైజులు రాసి ఉంటాయి.

సెకండ్ హ్యాండ్ కారు కొనేవాళ్ళు కూడా ఆ స్టిక్కర్ చూసి, తర్వాత కింద టైర్ మీద ఉన్న సైజు చూడండి. రెండూ కలవకపోతే మీటర్‌లో ఉన్న 60,000 అంటే 60,000 కాదు, పైన చెప్పిన 4.2 శాతం పెద్ద టైర్లతోనే మొదటి నుంచీ తిరిగిన బండి అయితే 62,500. సర్వీస్, టైమింగ్ బెల్ట్, వారంటీ అన్నీ ఆ అంకె మీదే కాబట్టి తేడా చిన్నదని వదిలేయడానికి లేదు.

మీ బండి సంగతి తెలుసుకోవాలంటే రెండు పరీక్షలు వేరువేరుగా చేయాలి, రెండూ కలిపేసి కన్‌ఫ్యూజ్ అవ్వొద్దు. స్పీడు కోసం అయితే ట్రాఫిక్ లేని తిన్నటి రోడ్డు మీద ఒకే స్పీడు పట్టుకుని పక్క సీట్లో ఉన్నవాళ్ళని ఫోన్‌లో జీపీఎస్ స్పీడు చదవమనండి, నడుపుతూ మీరే చూడకండి, ఫ్లైఓవర్ల కింద, మలుపుల్లో వచ్చిన అంకె వదిలేయండి. దూరం కోసం అయితే హైవే మీద కిలోమీటర్ రాళ్ళు చూస్తూ ట్రిప్ మీటర్ జీరో చేసి కనీసం 20 కిలోమీటర్లు పోవాలి, ఒకటి రెండు రాళ్ళకి చూసి తేల్చేస్తే ట్రిప్ మీటర్ పదో వంతు అంకెలోనే తప్పు కలిసిపోతుంది. 20 రాళ్ళకి మీటర్ 19.2 చూపించిందంటే టైరు సుమారు 4 శాతం పెద్దది, 20.6 చూపించిందంటే 3 శాతం చిన్నది. స్పీడు పరీక్షలో వచ్చిన తేడాతో ఇది కలవకపోతే ఏదో తప్పు చేశామని అనుకోకండి, కలవకపోవడమే మామూలు.